ఒక్క గుంజుడు

గోదావరి బొగ్గు గనుల ప్రాంతంలోని రెస్క్యూ స్టేషన్‌లో ఇన్‌స్ట్రక్టరుగా ఉన్న నన్ను, ఆరేళ్ల కిందట ఫిబ్రవరి మూడో తేదీన, డిప్యుటేషన్ మీద జిల్లా కార్యాలయానికి పంపారు. గడువు నలభై అయిదు రోజులు. నదిలో మునిగినవారిని వెదకడానికి కొత్తగా ఏర్పడిన దళానికి డైవింగ్ పరికరాల జాబితా తయారు చేయడం నా పని. దళంలో తొమ్మిది మంది: అయిదుగురు ధర్మపురి పరిసరాల్లో చేపలు పట్టేవారు, నలుగురు మా స్టేషన్ మనుషులు. నాకు ఈత వచ్చు. అంతకు మించి నీళ్లతో పరిచయం లేదు. ఆ సంగతి పై అధికారికి విన్నవించాను. "పొగలో ఊపిరి పీల్చడం నేర్పుతారు కదా, నీళ్లలో ఎంతసేపు?" అన్నారాయన. ఆ మాటను డైరీలో యథాతథంగా రాసుకుని, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాను.

గనిలో మంటలు రేగినప్పుడో విషవాయువు కమ్మినప్పుడో లోపలికి వెళ్లేది రెస్క్యూ జట్టు. అయిదుగురు కలిసి వెళ్తారు, కలిసి వస్తారు. అయిదుగురి వీపుల మీదా ఒకే రకం శ్వాస పరికరం, ఒకే చోట వాల్వు, ఒకే వైపు బకిల్. పొగలో కళ్లు పనిచేయవు. పక్కవాడి వాల్వు ఎక్కడుందో నా చేతికి తెలియాలి. మా వృత్తిలో వ్యక్తిగత అభిరుచికి చోటు లేదు. ఈ నమ్మకంతోనే నేను నది ఒడ్డుకు వెళ్లాను.

శిక్షణ కోసం తీర ప్రాంతం నుంచి సత్యంగారు అనే డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ వచ్చారు. కేటలాగు తెరవబోతే ఆయన మూసేశారు. "వస్తువులు తరవాత చూద్దామండి. మీవాళ్లు ఎలా దిగుతారో ముందు తేల్చండి" అన్నారు. డైవింగ్‌లో రెండు సిద్ధాంతాలున్నాయని వివరించారు. మొదటిది జట్టు సిద్ధాంతం: ఇద్దరు కలిసి దిగుతారు, అందరి అమరికా ఒక్కటే, ఒంటి మీద వేలాడేది ఏదీ ఉండదు. నోటికి గాలి అందించే రెగ్యులేటరుకు ఏడడుగుల పొడవైన గొట్టం ఉంటుంది. తోటివాడి గాలి అయిపోతే దాన్ని తీసి అతని నోటికి అందిస్తారు. రెండోది ఒంటరి సిద్ధాంతం: దిగేవాడు ఎవరి మీదా ఆధారపడడు, తన రెండో ఊపిరి తానే మోసుకుపోతాడు. అందుకోసం పక్కన ఒక చిన్న సిలిండర్, దానికి వేరే రెగ్యులేటర్.

నాకు మొదటిది వెంటనే నచ్చింది. అది మా గనే, నీళ్లు నింపినట్టు ఉంది. ముప్పై ఒక్క అంశాలతో జాబితా, దాని వెనక ఇరవై రెండు పేజీల పని విధానం రాశాను. గాలి లెక్క కూడా వేశాను. పన్నెండు లీటర్ల సిలిండర్, రెండు వందల బార్ పీడనం, అంటే రెండు వేల నాలుగు వందల లీటర్ల గాలి. పది మీటర్ల లోతులో నిమిషానికి నలభై లీటర్లు ఖర్చవుతుందనుకుంటే అరవై నిమిషాలు. కాగితం మీద అది అందమైన సంఖ్య.

మార్చి మొదటి వారంలో నమూనా పరికరాలు వచ్చాయి. రేవులో పరచి చూపించాను. చేపలవారిలో పెద్దవాడు రాజమల్లు, నలభై అయిదేళ్ల మనిషి, పొడవు గొట్టాన్ని ఎత్తి పట్టుకున్నాడు.

"గీ పైపు ఎవరికి సారూ?"

పక్కవాడికి అన్నాను.

"పక్కోడు యాడుంటడు?"

నీ పక్కనే అన్నాను.

"గంగల పక్కోడు కనవడితే గదా సారూ ఇచ్చుడు!"

అక్కడివారికి గోదావరి అంటే గంగే. అందరూ నవ్వారు. మా స్టేషన్ నుంచి వచ్చిన సమ్మయ్య ఊరుకోలేదు. "ఏం రాజమల్లూ, పైపు జూసే పరేషాన్ అయితున్నవ్, రేపు మొసలి ఎదురైతె ఏం జేస్తవ్?"

"మొసలికి కండ్లు మెరుస్తయి అన్నా, దొరకవడ్తది. నువ్వే దొరకవు."

నేను దాన్ని రిజిస్టరులో "అభ్యంతరం నాలుగు: శిక్షణతో తొలగును" అని నమోదు చేశాను. జాబితా పన్నెండో తేదీన కొనుగోలు కమిటీకి చేరాలి. ఒకసారి కమిటీ ఆమోదిస్తే, ఆ తొమ్మిది మందీ ఏళ్ల తరబడి వాటితోనే దిగాలి. పరికరంలో తప్పుంటే అది బయటపడేది నీటి అడుగున, ఎవరో ఒకరి ఊపిరి మీద.

పదకొండో తేదీ ఉదయం పరీక్ష. బ్యారేజీ వెనక నిలిచిన నీరు అది. పైకి తేటగా ఉంటుంది, అడుగున మునిగిన తుమ్మచెట్లు, మెత్తటి ఒండ్రు. అడుగున వేసిన ఇసుక సంచిని వెదికి తేవాలి. దిగేది సత్యంగారు, రాజమల్లు. తాడు చిక్కుపడుతుందని సత్యంగారు తాడు వద్దన్నారు. రాజమల్లు మాత్రం తాడు లేకుండా కాలు తడపనన్నాడు. తాడు రెండో కొస సమ్మయ్య చేతిలో, గడియారం నా చేతిలో. రాజమల్లు భార్య నర్సవ్వ సద్ది తెచ్చి, రాతి మీద కూర్చుని చూస్తోంది.

పది గంటల ఇరవై ఒక్క నిమిషాలకు ఇద్దరూ దిగారు. పది ముప్పై అయిదుకు సత్యంగారు ఒక్కరే పైకి తేలారు. "అడుగున సంచి వెతుకుతుండగా బురద లేచిందండి. మనిషి కనపడలేదు. ఒక్క నిమిషం వెతికి పైకి రావాలి, అది నియమం. అతనూ రావాలి కదా!" అన్నారు. రాజమల్లు రాలేదు. అతని బుడగలు క్రమంగా వస్తున్నాయి, తాడు నింపాదిగా కదులుతోంది. పాతికేళ్లుగా ఒంటరిగా దిగినవాడికి పక్కన మనిషి లేకపోవడం ఒక సంఘటనగా తోచలేదని తరవాత తెలిసింది.

పది నలభై ఏడుకు తాడు ఒక్కసారి బలంగా కదిలింది. సమ్మయ్య వెంటనే తాడు బిగించి పట్టి నిలబడ్డాడు. మళ్లీ ఒక్కసారి కదిలింది. ఇంకా బిగించాడు.

నర్సవ్వ రాతి మీంచి లేచింది. "ఓ అన్నా, గుంజు! గుంజుమంటుండు!"

"ఆగు చెల్లె, ఆపుమంటుండు!"

"ఆపుడేంది! ఒక్కటి గుంజిండంటె మీదికి తియ్యుమని. పదిహేనేండ్ల సంది ఆయన తాడు నేనే వడుతున్న, నాకెరుక లేదా? ఇటియ్యి!"

తాడు ఆమె చేతికి వెళ్లింది. లాగడం కాదు, బరువు తూచినట్టు మెల్లగా, ఆగి ఆగి తీసింది. మొదటి గుంజుడు నుంచి ఆమె తాడు అందుకునేవరకు నలభై రెండు సెకన్లు. రాజమల్లు పైకి వచ్చాడు. తెగిపోయిన పాత వల ముక్క ఆ ఏడడుగుల గొట్టానికి మెలిపడి, ఎడమ చేతిని నడుముకు కట్టేసింది. కత్తి ఉన్నది ఆ నడుము దగ్గరే, వల కింద.

నోట్లోని రెగ్యులేటర్ ఊసి అతను అడిగిన మొదటి మాట: "ఏంది సమ్మన్నా, నిద్రవోయినవా?"

"నువ్వే గద ఆపుమన్నవ్!"

"నేనెప్పుడు ఆపుమన్న?"

గనిలో బొగ్గు టబ్బులను లాగే హాలేజీ తాడుకు గంట సంకేతాలుంటాయి. నడుస్తున్న తాడుకు ఒక్క గంట కొడితే ఆపమని అర్థం. సమ్మయ్య ఇరవై ఏళ్లు హాలేజీ దగ్గర పనిచేసి మా స్టేషన్‌కు వచ్చినవాడు. ఒక్కటి అంటే అతని చేతులు వాటంతట అవే ఆగిపోతాయి. గంగలో ఒక్క గుంజుడు అంటే పైకి తీయమని. ఇద్దరూ సరిగ్గానే చేశారు. ఇద్దరూ నావైపు చూశారు. నేను నా ఇరవై రెండు పేజీల వైపు చూశాను. కత్తి పిడి రంగు దాకా రాసిన నేను, తాడు సంకేతం రాయలేదు. అది అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. గనిలో పెరిగిన నాకు ఒక్కటంటే ఆపడమే.

సిలిండర్ మీటరు డెబ్బై బార్ చూపింది. ఇరవై ఆరు నిమిషాల్లో నూట ముప్పై బార్, అంటే పదిహేను వందల అరవై లీటర్లు ఖర్చు. నిమిషానికి నలభై కాదు, అరవై. నా అందమైన అరవై నిమిషాలు నలభైకి దిగిపోయాయి. మిగిలింది పద్నాలుగు నిమిషాల గాలి. ఆ వల ముక్క తెగినది కాక తుమ్మచెట్టుకు కట్టినదై ఉంటే, ఆ పద్నాలుగు నిమిషాల తరవాత అతనికి ఊపిరి అందించాల్సిన తోటివాడు, పొడవు గొట్టంతో సహా, ఒడ్డున నా పక్కన ఉన్నాడు.

ఆ మాట ముందుగా అన్నది సత్యంగారే. "సముద్రంలో ముప్పై అడుగుల దూరం మనిషి కనపడతాడండి. అక్కడ ఈ గొట్టం సరైనదే. ఇక్కడ నా చెయ్యే నాకు కనపడలేదు. వీళ్ల జోడు నీళ్లలో లేడు, ఒడ్డున ఉన్నాడు" అన్నారు.

ఆ మధ్యాహ్నం నర్సవ్వ తెచ్చిన జొన్నరొట్టెలు, చేపల కూర అందరం పంచుకుని తిన్నాం. పక్కనే జాబితా తిరగరాశాం. పొడవు గొట్టం కొట్టేశాం. మూడు లీటర్ల చిన్న సిలిండర్ చేర్చాం. ఆరు వందల లీటర్లు, నిమిషానికి అరవై చొప్పున పది నిమిషాలు. చేపలవారు దానికి అప్పుడే 'చిన్నబుడ్డి' అని పేరు పెట్టేశారు. తాడు కట్టడానికి వీపున ఉక్కు కడియం. ఛాతీ మీద రెండో కత్తి. నా పాత నమ్మకంలో ఒక్కటి నిలిచింది: ఏ వస్తువైనా తొమ్మిది మందికీ ఒకే చోట ఉండాలి. దానికి రాజమల్లు కూడా ఒప్పుకున్నాడు.

సంకేతాలు నర్సవ్వ చెప్పింది. ఒకటి పైకి, రెండు తాడు వదులు, మూడు దొరికింది. ఆపడానికి ఏదని సమ్మయ్య పట్టుదలగా అడిగాడు. "ఆగేటోడు ఆగుతడు. మీదున్నోనికి చెప్పుడెందుకన్నా?" అంది. సమ్మయ్య తాడు అందుకుని ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా గుంజి చూసుకున్నాడు.

సవరించిన జాబితాలో మొదటి అంశం కింద నేను ఇలా రాశాను: "తాడు పట్టే మనిషి. దిగేవాడు తానే ఎన్నుకోవలెను." కమిటీ నుంచి ప్రశ్న వచ్చింది: మొదటి అంశానికి తయారీదారు పేరు, కొలతలు ఎందుకు ఇవ్వలేదు? మిగతా అంశాలన్నీ దాన్నిబట్టి నిర్ణయమైనవేనని, దాన్ని తీసేస్తే అన్నీ మార్చాల్సి ఉంటుందని సమాధానం పంపాను. పంతొమ్మిది రోజులకు ఆమోదం వచ్చింది. దళం సంఖ్య తొమ్మిది నుంచి పదికి మారింది. పదో పేరు నర్సవ్వది.

పరికరం ఎంచుకునేటప్పుడు, ఊపిరి ఆడని క్షణంలో ఈ మనిషిని చేరేది ఎవరు, ఎటు నుంచి అన్నది మొదటి ప్రశ్న. దాని జవాబు ఆ చోటునుబట్టి మారుతుంది. ఒక చోట రుజువైన సిద్ధాంతాన్ని ఇంకో చోటికి మోసుకెళ్లేవాడు, తనకు బాగా తెలిసిన సంగతినే రాయడం మరచిపోతాడు.

నేను స్టేషన్‌కు తిరిగివచ్చి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేవరకు, ప్రతి కొత్త జట్టుకూ మొదటి రోజు ఒక తాడు ఇచ్చి, ఒక్కసారి గుంజితే నీకేమర్థమవుతుందని ఒక్కొక్కరినే అడిగేవాడిని. జవాబులన్నీ రాసుకున్న తరవాతే శ్వాస పరికరాల పెట్టె తెరిచేవాడిని. ఒక్క జట్టులోనూ అయిదు జవాబులూ ఒకటిగా రాలేదు.