సంగటోళ్ళు

నా చిన్నప్పుడు మా సీతారామపురం వైపు వానలు మొహం చాటేసిన ఏడు, గొర్రెల మందను తోలుకుని ఆత్మకూరు కాలవ కిందికి దిగాం. కోతలయిన వరిమళ్ళలో గొర్రెలు మేస్తాయి, అక్కడే పడుకుని పొలానికి ఎరువేస్తాయి. రైతుకు లాభం, మాకు బతుకు. దారిలోనే గొర్రెపిల్లలు కొన్ని చచ్చిపోయాయి. మిగిలిన గొర్రెలకు డొక్కలు అంటుకుపోయాయి. అక్కడ మేపు దొరక్కపోతే వెనక్కి తోలుకెళ్ళడానికి మందే మిగలదని చిన్నదాన్నయిన నాకు కూడా తెలుసు.

నీళ్ళు కనపడగానే గొర్రెలు ఆగలేదు. కాలవలో పడి బురద బురద చేసేశాయి. పొలం గల పెద్దాయన కూలీలను వెంటబెట్టుకుని వచ్చాడు.

"సంగటోళ్ళను రానిస్తే ఇంతే. తోలెయ్యండిరా" అన్నాడు.

రాగి సంగటి మేము రోజూ తినేదే. అది తిట్టెలా అయిందో నాకు అర్థం కాలేదు. మా చిన్నాయనకు మాత్రం అర్థమైంది, కర్ర ఎత్తాడు. అటు కూలీలు పారలు బిగించి పట్టుకున్నారు. ఒక్క దెబ్బ పడితే ఆ చుట్టుపక్కల ఏ ఊరూ మమ్మల్ని దిగనివ్వదు.

మా అవ్వ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. ఆమెకూ కోపం తక్కువేమీ కాదు. అయినా తెడ్డు పక్కన పెట్టి, చెయ్యి తడి చేసుకుని ముద్ద కట్టి, ఆకులో పెట్టి పులుసు పోసి, కర్రలకూ పారలకూ మధ్యగా నడిచి వెళ్ళింది. మంద దిగిన రోజు మొదటి ముద్ద పొలం గలాయనదే, అది మా వాళ్ళ ఆనవాయితీ.

"తోలేద్దువులే అబ్బయా. ముందు నీ ముద్ద నువ్వు తిను" అంది.

కూలీలందరి ముందు ముసలామె పెట్టిన తిండి కాదనలేక ఆయన గట్టు మీద కూర్చున్నాడు. అలవాటు లేనివాళ్ళు సంగటిని నమిలి అవస్థ పడతారు. ఆయన బొటనవేలితో ముద్దలో గుంట నొక్కి, పులుసు అందులోకి తోసి, తుంచిన ముక్కను నమలకుండా మింగాడు. అచ్చం మా నాయన తిన్నట్టే తిన్నాడు. తను ఏం చేశాడో తెలిసేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. మా చిన్నాయన నవ్వబోతే అవ్వ ఒక్క చూపు చూసింది. ఎవరూ నవ్వలేదు.

ఆయన ఆకు ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, మందను కింది మడిలోకి మళ్ళించమన్నాడు. మా మొహాలు మాత్రం చూడలేదు.

ఆ సాయంత్రం ఆ మాట గురించి అవ్వను అడిగాను.

"వరి పండనోళ్ళకు వరి తినేటోళ్ళు పెట్టిన పేరే అది. కాలవ రాకముందు నెల్లూరు వైపోళ్ళు వీళ్ళనే అట్ట పిలిచినారు. నీళ్ళొచ్చినాక వీళ్ళు దాన్ని మనకిచ్చేసినారు. పాపం, ఎంత మంట పెట్టుంటాదో వాళ్ళకు" అంది.

మమ్మల్ని తిట్టినాయన మీద అవ్వకు జాలి ఎందుకో ఆ రోజు నాకు మింగుడుపడలేదు. ఇప్పటికీ ఎవరైనా ఎదుటివాళ్ళను తిండి పేరుతో తీసిపారేస్తే నాకు ముందు కోపమే వస్తుంది, ఆ గుణం మా చిన్నాయనది. ఆ తర్వాత నా కళ్ళు వాళ్ళ చేతి మీదికి పోతాయి. ఆ చెయ్యి చిన్నప్పుడు ఏ ముద్ద పట్టిందో అనుకుంటాను.