విరిగిన బిస్కెట్లు

బిస్కెట్ల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను లెక్కలమ్మ అంటారు. యంత్రాలు పంపే డేటాను కంప్యూటర్ చేత జల్లెడ పట్టించి, ఎక్కడ ఏం చెడిందో, ఎందుకు చెడిందో చెప్పడం ఆమె ఉద్యోగం. కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని టేబులంతా వెతుకుతుంది. కీబోర్డును బోర్లించి, తట్టి, బిస్కెట్ పొడి రాలుస్తుంది. కంప్యూటర్ ఆలస్యం చేస్తే, "కానీ నాయనా, తొందరేం లేదు" అని బుజ్జగిస్తుంది. పొద్దున్నే ప్యాకింగ్ గదికి వెళ్తే అక్కడి అక్క విరిగిన బిస్కెట్లు గుప్పెడు పోస్తుంది. విరగనివి తినకూడదని రూలు.

కొన్నాళ్లుగా విరిగేవి ఎక్కువయ్యాయి. యంత్రాన్ని మార్చేద్దామన్నాడు మేనేజరు. కాస్త ఆగమని, వేడి, తేమ, వేగంతో పాటు అందరి హాజరు కూడా కంప్యూటర్‌కు అప్పజెప్పింది లెక్కలమ్మ. వేడి కాదంది కంప్యూటర్. తేమ కాదంది. వేగం కాదంది. లెక్కలమ్మ సెలవు పెట్టిన రోజుల్లో మాత్రం బిస్కెట్లు బుద్ధిగా ఉన్నాయంది. ఆమె నోట్లో బిస్కెట్ ముక్క నోట్లోనే ఉండిపోయింది. నేరుగా మేనేజరు గదికి నడిచింది.

"కారణం దొరికింది సార్. యంత్రం కాదు, నేను."

మర్నాడు అక్క ఆమె చేతిలో నిండు బిస్కెట్ పెట్టింది.

"సారే ఇమ్మన్నారు. మీకోసం విరగ్గొట్టే పని తప్పిందమ్మా."

లెక్కలమ్మ దాన్ని మురిపెంగా చూసుకుంది. అలవాటు కొద్దీ రెండుగా విరిచి, సగం అక్కకిచ్చింది.