జంతికల గొట్టంలో కొరియా వంట

తెలియని వంటకం పేరు చెవిన పడితే చాలు, దాన్నెలా చేస్తారో తేల్చుకోందే ప్రిస్సిల్లాకు నిద్ర పట్టదు. నర్సింగ్ చదవడానికి నరసాపురం నుంచి సిడ్నీ వచ్చినా ఆ బుద్ధి మారలేదు. అలాంటి పిల్లకు పక్క గదిలో దొరికిందేమో, తిండి మాటెత్తితేనే ముఖం తిప్పుకునే మనిషి.

ఆ మనిషి కొరియా అమ్మాయి సోయన్. సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో సుగుణకుమారి ఆంటీ ఇంట్లో ఇద్దరూ అద్దెకుంటున్నారు. సోయన్‌ను పెంచిన అమ్మమ్మ క్రిస్మస్ ముందు పోయింది. పరీక్షల వల్ల సోయన్ ఆఖరి చూపుకు కూడా వెళ్లలేకపోయింది. అప్పటినుంచి సరిగ్గా తిన్న రోజు లేదు. అక్కడ నడివేసవి జనవరిలోనే; ఆ ఎండలకు మరీ పుల్లలా అయిపోయింది. ఎలాగైనా ఆ పిల్ల చేత నాలుగు ముద్దలు తినిపించాలని ప్రిస్సిల్లా ఆరాటం.

"అసలు నీకేం తినాలనుంది?" అని అడగ్గా అడగ్గా, సోయన్ ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. ఎండాకాలంలో అమ్మమ్మ బక్‌వీట్ పిండి కలిపి, ఒక మరతో నూడుల్స్‌ను నేరుగా మరిగే నీళ్లలోకి వత్తేదట. తీసి చన్నీళ్లలో కడిగి, ముల్లంగి ఊరిన పుల్లటి నీళ్లూ ఐసూ పోసి ఇచ్చేదట. ప్యాకెట్లలో దొరికేవాటికి ఆ రుచి రాదట.

ఉడికినదాన్ని మళ్లీ కడగడమేమిటి? ప్రిస్సిల్లాకు కాలు నిలవలేదు. ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకు వాడే కుట్టు పిండి అంటే ఈ బక్‌వీటేనని తెలుసుకుని, ఇండియా సరుకుల కొట్లుండే హారిస్ పార్క్ వెళ్లి తెచ్చింది. ముల్లంగి నీళ్లు కొరియా కొట్లో సీసాలో దొరికాయి. తీరా పిండి కలిపి, చపాతీలా ఒత్తి, చాకుతో కోస్తే అన్నీ తునకలే.

"మర ఎక్కడ తెచ్చేది ఆంటీ?"

"మరెందుకే అమ్మాయ్! మొన్న క్రిస్మస్‌కి జంతికలొత్తిన గొట్టం ఉందిగా. సన్న కన్నాల బిళ్లేసి ఒత్తు. తర్వాత కిచెన్ క్లీన్ చెయ్యకపోతే మాత్రం ఊరుకోను, చెప్తున్నా."

ప్రిస్సిల్లా గబగబా మళ్లీ పిండి కలిపి, మరిగే నీళ్లపైన గొట్టం బిగించి వత్తింది. తీగలు మునిగాయి, కాసేపటికి పైకి తేలాయి. చన్నీళ్లలో వేయగానే బిగుసుకుని మెరిశాయి. ఓహో, కడిగేది ఇందుకా! మురిసిపోతూ గిన్నె తీసుకెళ్లి సోయన్ ముందు పెట్టింది.

సోయన్ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఇందులో ఏం వేశావు? దగ్గు మందు వాసనొస్తోంది."

ప్రిస్సిల్లా గబుక్కున గిన్నె వాసన చూసింది. వాము! జంతికల గొట్టం కళ్లముందుంటే చెయ్యి ఊరుకుంటుందా? తనకు తెలియకుండానే నలిపి పిండిలో వేసేసింది. చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరైపోయిందని ఏడుపొచ్చినంత పనైంది.

సోయన్ లేచింది. ఇక గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుందనుకుంది ప్రిస్సిల్లా. ఆ పిల్ల తిన్నగా పొయ్యి దగ్గరకు నడిచింది.

"మిగతా పొడి పిండేది? వేడినీళ్లు పోసి కలపాలి. ఇంత గట్టిగానా కలిపేది? మా అమ్మమ్మ చూస్తే నిన్ను తిట్టిపోసేది" అంటూ చేతులు కడుక్కుని, పిండి మెదిపి, గొట్టం లాక్కుంది. ప్రిస్సిల్లా తిట్లన్నీ తింది. అంత హాయిగా ఎప్పుడూ ఎవరిచేతా తిట్లు తినలేదు.

ఈసారి సోయన్ గిన్నె ఖాళీ చేసింది. కళ్లనీళ్లు బుగ్గల మీదుగా జారుతున్నా తుడుచుకోలేదు.

"అమ్మమ్మది ఇంకా బాగుంటుంది" అంది, గిన్నె ముందుకు చాపుతూ. "ఇంకాస్త వెయ్యి."