కదలని ఫ్లూక్ కండ

1996లో దక్షిణాఫ్రికాలో, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని ఒక పశురోగ పరిశోధనశాలలో సీనియర్ శాస్త్రవేత్తగా చేరాను. అంతకుముందు ఆంధ్రలో పశువైద్య విద్యార్థులకు పరాన్నజీవుల పాఠాలు చెప్పేవాణ్ణి. అక్కడ నాకు అప్పగించిన పని లివర్ ఫ్లూక్ మీద. గొర్రెల, పశువుల కాలేయంలో కాపురం పెట్టే చదును పురుగు అది, చూడటానికి చిన్న ఆకులా ఉంటుంది. మామూలు మందులకు లొంగడం లేదని అక్కడి రైతులు గోల పెడుతున్నారు.

ఈ పురుగు నరాల చివర్లు న్యూరోపెప్టైడ్లనే చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలను వదులుతాయి. అవి తగలగానే కండ ముడుచుకుంటుంది. పురుగు పిత్తనాళాన్ని పట్టుకుని వేలాడేది ఆ కండబలంతోనే. ఈ సంకేతాన్ని అడ్డుకోగలిగితే పట్టు తప్పి కొట్టుకుపోతుందని మా ఆశ. ముందు అసలు సంకేతం ఎంత గట్టిగా పనిచేస్తుందో కొలవాలి.

కొలిచే పని నా కింద రీసెర్చ్ అసిస్టెంటుగా చేరిన శకుంతల నాయుడుది. డార్నల్ చక్కెర మిల్లులో ఫిట్టరు కూతురు. 1994 ఎన్నికలతో వర్ణవివక్ష పాలన పోయి, మా ల్యాబ్ అందరికీ తలుపులు తెరిచాక ఆ ఉద్యోగంలోకి వచ్చిన మొదటి భారత సంతతి అమ్మాయి. చెరకు తోటల్లో కూలికి వచ్చిన ముత్తాతల తెలుగులో ఆమెకు మిగిలినవి పూజ మాటలు, కూరల పేర్లు, తిట్లు. మాట్లాడేదంతా ఇంగ్లీషే. పనిలో మాత్రం మడి కట్టుకున్నంత శుభ్రం.

పొద్దున్నే కబేళా నుంచి బతికున్న పురుగులను వెచ్చని ఉప్పునీటి ఫ్లాస్కులో తెచ్చుకునేవాళ్లం. సన్నని కండ పీలిక కోసి, దారంతో కట్టి, వెచ్చని తొట్టెలో వేలాడదీసేవాళ్లం. దాని రెండో కొస ఒక పరికరానికి తగిలించి ఉంటుంది. కండ ముడుచుకుంటే కలం లేచి కాగితం మీద గీత గీస్తుంది.

మొదటి ప్రయోగంలో పెప్టైడ్ పోయగానే కలం ఎగిరి గంతేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పెప్టైడ్ పోసినా గీత నేలబారుగానే సాగింది. కండ చచ్చిందేమోనని, దాన్ని కదిలించే మరో రసాయనం సెరటోనిన్ వేసి చూశాం. శుభ్రంగా ముడుచుకుంది. అంటే లోపం పెప్టైడ్‌లోనే ఉంది. శకుంతల దాన్ని ఫ్రిజ్ బయట వదిలేసి పాడుచేసిందేమోనని నా అనుమానం.

అది విదేశం నుంచి తెప్పించిన సరుకు. మళ్లీ ఆర్డరు పెడితే, మా ల్యాబ్ పనిని బేరీజు వేసే సమీక్ష సంఘం కూర్చునేలోపు రాదు. అప్పటికి ఫలితం లేకపోతే శకుంతల పోస్టు పొడిగించడం కుదరదని డైరెక్టర్ నా ముందే తేల్చిచెప్పాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"ఐష్ డాక్టర్! పోస్ట్ పోతే నాయన నన్ను మావ షాపులో కూర్చోబెట్టు" అంది. తెలుగులో అంత పొడుగు మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి. నా ప్రాణం ఉసూరుమంది.

ఏం చేశావో చెప్పొద్దు, మొదటినుంచీ చేసి చూపించమన్నాను. ఫ్రిజ్ తెరిచి తళతళలాడే గాజు సీసా తీసింది. పెప్టైడ్ వచ్చింది ప్లాస్టిక్ గొట్టంలో కదా, ఇదెక్కడిదని అడిగాను. మొదటిరోజు అందులోంచి కాస్త పొడి వేరే ప్లాస్టిక్ గొట్టంలోకి తీసి, నీళ్లు కలిపి వాడిందట. తర్వాత ఇంత ఖరీదైన సరుకు ప్లాస్టిక్‌లో ఉండటం మనసొప్పక, చాలావరకు గాజు సీసాలోకి మార్చి పలచన చేసి దాచిందట.

"ప్లాస్టిక్ వాసన పట్టు, డాక్టర్. అవ్వ చెప్పు, మంచిది అంతా గాజులో పెట్టు. ఊరగాయ ఎప్పుడూ గాజు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా అమ్మయినా అదే చేసేది. ఊరగాయకు గాజు మేలే. కానీ పలచని పెప్టైడ్ గాజు గోడలకు అంటుకుపోతుంది. సీసాలో మిగిలేది దాదాపు వట్టి నీళ్లే. మేం ఇన్నాళ్లూ కండ మీద నీళ్లు పోసి, అది ఎందుకు కదలదని దాని మీద అలిగామన్నమాట.

పాత గొట్టం అడుగున కాస్త పొడి మిగిలే ఉంది. గోడలకు అంటకుండా చిటికెడు ఆల్బుమిన్ అనే ప్రొటీన్ వేసి, ఆ ప్లాస్టిక్ గొట్టంలోనే కలిపాం. కొత్త పీలిక కట్టి పోశాం. ఇద్దరం కలం వంకే చూస్తున్నాం. కలం ఒక్కసారిగా లేచింది.

"కదిలింది నాయనా!" అని ఆ పిల్ల కేకపెట్టింది. పెద్దమనిషి తరహా మరిచిపోయి నేనూ చప్పట్లు కొట్టాను. అదే పీలికను కడిగి గాజు సీసాలోది పోస్తే గీత మళ్లీ చదునుగా సాగింది. డైరెక్టర్ వచ్చి రెండు గీతలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తలూపి వెళ్లిపోయాడు. సమీక్షలో శకుంతల పోస్టు నిలిచింది. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

ప్రయోగం చెడితే నిర్లక్ష్యం ఎక్కడ జరిగిందని వెతకడం మా వృత్తిలో అలవాటు. ఆ తర్వాత నా దగ్గర చేరిన ప్రతి ఒక్కరినీ అలాంటప్పుడు నేను మొదట అడిగిన ప్రశ్న వేరు: నువ్వు బాగా జాగ్రత్త పడింది ఎక్కడ? చాలాసార్లు తప్పు అక్కడే దొరికింది.