వరిబీజమని తేల్చింది నేనే

తొంభైల మొదట్లో, హిందీవాళ్ల ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీ పనికి చేరిన మాకు షిఫ్టు దిగాక ప్లాంటులోనే స్నానం చేసి ఇంటికి వెళ్లడం అలవాటు. వరసగా కుళాయిలు, వాటి కింద వరసగా మగాళ్లు. ఒకడి ఒళ్లు చూసి ఇంకొకడు నవ్వడం తప్ప మాకు వేరే స్నేహం తెలియదు. ఆ నవ్వేవాళ్లలో అందరికన్నా చవకబారు మనిషిని నేను.

నా భార్య తమ్ముడు కొత్తగా మా విభాగంలోనే చేరి, ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 6లో మా క్వార్టర్‌లో ఉండేవాడు. పాతికేళ్లవాడికి ఉన్నట్టుండి రొమ్ములు పెరిగాయి. చొక్కా రాసుకున్నా నొప్పి అనేవాడు.

“ఏటిరా, మీ అక్క జాకెట్టు సరిపోద్దేటి నీకు?” అన్నాను కుళాయిల దగ్గర.

“అరే భయ్యా, నీ సాలా సాలీ అయిపోయాడు!” అని ఒక హిందీవాడు అందుకున్నాడు. బావమరిది మరదలయ్యాడన్న ఆ మాటకు అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. మర్నాటి నుంచి వాడు ప్లాంటులో స్నానం మానేశాడు.

కొన్నాళ్లకు వాడే సిగ్గుపడుతూ చెప్పాడు. “బావా, కిందన ఓ పక్క గట్టిగా తగుల్తంది. నొప్పి నేదు.”

“వరిబీజంరా. మా నాన్నకి నేదా, మీ తాతకి నేదా? ఆముదం ఆకు ఎచ్చజేసి కట్టుకో. డాక్టరు దగ్గర గుడ్డ ఇప్పుకుంటావేటి?”

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లం. అక్కడ ఏది వాచినా దోమకాటుతో వచ్చే బోద జబ్బేనని తేల్చేసే తెలివి మాది. నీళ్లు చేరిన వాపుకీ రాయిలా బిగిసిన గడ్డకీ తేడా నాకు తెలియదు. తెలియదని ఒప్పుకుంటే పెద్దరికం పోతుందని భయం. వాడు నెలల తరబడి ఆకులు కట్టుకున్నాడు.

చివరికి నా భార్యే వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేను వెనకాల నడిచాను. అది వృషణంలో క్యాన్సర్ అన్నాడు డాక్టరు. మగ హార్మోనును ఆడ హార్మోనుగా మార్చే అరోమటేజ్ అనే ఎంజైము ప్రతి మగాడి ఒంట్లోనూ కొంత ఉంటుందట. ఈ గడ్డలో అది హద్దు మీరి పనిచేస్తోంది, అందుకే ఛాతీ పెరిగింది అన్నాడు. ఆ ఛాతీ చూసిన రోజే తీసుకురావాల్సిందని కూడా అన్నాడు. చూసిన రోజు నేనేం చేశానో ఆయనకు చెప్పలేదు.

ఆపరేషను చేసి ఒకటి తీసేశారు. ఇంకెక్కడికీ పాకినట్టు కనిపించడం లేదని, ఏళ్ల తరబడి పరీక్షలకు రావాలని చెప్పారు.

కుళాయిల దగ్గరి జట్టంతా అరటిపళ్లతో వార్డుకు వచ్చింది. ఏమైందని అడిగితే “హెర్నియా” అన్నాను. వాడి పరువు కోసమని అనుకుంటారేమో, కాదు. నా పరువు కోసం.

మంచం మీంచి వాడు తల తిప్పాడు. “హెర్నియా కాదు బావా. కేన్సరు. ఓటి తీసీసారు.” తర్వాత వాళ్లవైపు చూసి హిందీలో, “మీరూ తడిమి చూసుకోండి. గట్టిగా తగిలితే మా బావను మాత్రం అడక్కండి,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నేను నీళ్లు తెస్తానని చెంబు పట్టుకుని బయటికి వచ్చేశాను. చెంబు నిండుగానే ఉంది.