విరగని కుర్చీ

ఆ కుర్చీల కార్ఖానాలో అందరూ ఆయన్ని సుత్తి మామ అనేవాళ్లు. ఆయన పని కుర్చీలు చెయ్యడం కాదు, విరగ్గొట్టడం! కొత్త రకం కుర్చీ ఏది తయారైనా, దాని నమూనా గీసినవాడే అందులో కూర్చోవాలి. మామ వెనకనుంచి కొయ్యసుత్తితో వీపుచెక్క మీద బాదాలి. నిలిస్తే బజారుకి, విరిగితే పొయ్యిలోకి. అక్కడి ఆనవాయితీ అది. ఎంతమంది నడుములు పట్టుకుని మూలిగారో! మామకి మాత్రం అదో సరదా. కోపం ముక్కుమీదే ఉండే మనిషికి అంతకన్నా కుదిరే ఉద్యోగం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఈసారి కుర్చీ గీసింది సొంత అల్లుడే. పొగరుబోతే గానీ పనిమంతుడు. పల్చటి చెక్క పొరలకి జిగురు పూసి, ఒకదానిమీదొకటి పేర్చి, వేడి అచ్చులో నొక్కి వంచాడు. కూర్చునే పలక వేరు, వీపు పలక వేరు. సన్నటి ఉక్కు కాళ్లు. చెక్కకీ ఉక్కుకీ మధ్య గుండ్రటి రబ్బరు బిళ్లలు. దిండు లేదు, నగిషీ అసలే లేదు. చూస్తే ఏముంది దీన్లో అనిపిస్తుంది. ఆనుకుంటే వీపుతోపాటు కదులుతుంది. "మనిషికి తగ్గట్టు కుర్చీ వంగాలి గానీ, కుర్చీ కోసం మనిషెందుకు వంగాలి?" అని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు.

పరీక్ష రోజు పొద్దున, మొగుడు మరిచిపోయిన క్యారియర్ పట్టుకుని కూతురు వచ్చింది. వంగి బల్ల మీద పెడుతుంటే మెడకి చుట్టుకున్న గుడ్డ జారింది. మెడ మీద వేళ్ల గుర్తులు, నల్లగా కమిలిపోయి ఉన్నాయి.

"ఏంటమ్మా అది?"

"ఏం లేదు నాన్నా. తలుపు తగిలింది."

"తలుపుకి వేళ్లుంటాయా?"

ఆమె అవతల కుర్చీ సర్దుకుంటున్న మొగుడి వైపు ఒక్కసారి బెదురుగా చూసింది, అంతే. మామకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇవాళే వీడి నడుం విరగ్గొట్టి, కూతుర్ని తనింటికి తీసుకుపోవాలి. అంతకుమించి ఇంకేం తోచలేదు.

పరీక్ష వేళకి అల్లుడు కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. "కొట్టండి మామయ్యా, అల్లుణ్ణని మొహమాటపడకండి!" చుట్టూ మూగినవాళ్లు గొల్లున నవ్వారు.

ఏ కుర్చీ ఎక్కడ విరుగుతుందో మామకి తెలుసు: కాలూ వీపూ కలిసే చోట. సరిగ్గా అక్కడే, బలమంతా పెట్టి వేశాడు. విరగలేదు. రబ్బరు దెబ్బని మింగేసింది. మళ్లీ వేశాడు. వీపు పలక వంగి, తిరిగి లేచింది. జనం చప్పట్లు కొట్టారు. "చూశారా?" అంటూ అల్లుడు పళ్లికిలించి వెనక్కి తిరిగాడు.

తర్వాతి దెబ్బ కుర్చీ మీద కాదు, భుజం మీద పడింది. ఎముక పటుక్కుమంది. అల్లుడు కెవ్వుమని కిందపడితే, ఆ నవ్విన పళ్ల మీద మరోటి వేశాడు. నేలంతా నెత్తురు. "నా కూతుర్ని కొడతావురా? నా కూతుర్ని?" ఆపబోయినవాడి పెదవి చిట్లింది. చివరికి అందరూ కలిసి రెక్కలు పట్టుకుని గోడకదిమారు. సుత్తి మాత్రం వదల్లేదు.

"రామ్మా," అన్నాడు రొప్పుతూ. "ఇంక నీకేం భయం లేదు. మనింటికి పోదాం. ముందలా కూర్చో, వణికిపోతున్నావు."

కూతురు కూర్చోలేదు. తలుపు దగ్గర, గడియ మీద చెయ్యేసి నిలబడి ఉంది. ఆమె కిందపడ్డ మొగుణ్ణి చూడటం లేదు. తండ్రి చేతిలో సుత్తినే చూస్తోంది.

"అమ్మ ఎప్పుడైనా కుర్చీలో కూర్చోగా చూశావా నాన్నా?"

"ఇప్పుడు మీ అమ్మ గొడవెందుకు?"

"ఇంటినిండా కుర్చీలే. పోయేదాకా ఇలాగే తలుపు దగ్గర నిలబడి అన్నం తింది, నువ్వు లేస్తే బయటికి పరిగెత్తడానికి. తలుపు తగిలిందన్న మాట నాకెవరు నేర్పారనుకున్నావు?"

మామ చేతిలోంచి సుత్తి జారి కిందపడింది.

"వాడింటికి పోను. నీ ఇంటికీ రాను," అని గడియ తీసి వెళ్లిపోయింది.

"ఆగమ్మా!" అన్నాడు. పట్టుకున్నవాళ్లు వదిలేస్తే, ఎదురుగా ఉన్న ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. అది ఆయన వీపుకి తగ్గట్టు మెత్తగా వంగింది. అందులో కూర్చుని పసిపిల్లాడిలా భోరుమన్నాడు. ఒక్కరూ దగ్గరికి రాలేదు.