నడిసముద్రంలో తల దక్షిణానికి

ముత్తప్ప ఇప్పటికీ తెల్లవారకముందే లేచి, మొహం కడుక్కుని, పొద్దు పొడిచే దిక్కుకు దండం పెట్టుకుని వీధిలోకి వస్తాడు. కృష్ణగిరి జిల్లా మత్తూరు పక్కన, మా ఊరి వీధిలో ఎవరి మేక తాడు వదులుగా ఉన్నా, ఎవరి ట్రాక్టరు మీద టార్పాలిన్ జారినా, ఆగి ముడి సరిచేసి పోతాడు. ఎవరికీ చెప్పడు. "తాడు బిగిసిందంటే ముత్తప్ప వచ్చిపోయినట్టే" అంటుంది మా పక్కింటి మారక్క, పాలు పితుకుతూ.

ఆ ముడులు ఓడలో నేర్చినవి. గొర్రెలు కాసే ఇంట పుట్టిన ఆయన, ఇరవై రెండో ఏట చింతపండు లారీతో చెన్నై హార్బరుకు పోయి, ఓడల్ని చూసి మనసు అక్కడే వదిలేశాడు. శిక్షణ పొంది, సరుకు ఓడలో ఖలాసీగా చేరి, సరంగు దాకా ఎదిగాడు. సరంగంటే డెక్కు మీద పనివాళ్లందరికీ పెద్ద. మన వంటనూనె, పొలానికి చల్లే ఎరువు ఎంతమంది చేతుల మీదుగా సముద్రం దాటి వస్తాయో మాకు చెప్పింది ఆయనే.

కరోనా వచ్చిన ఏడు లోకమంతా తలుపులు వేసుకుని కూర్చుంది. ఓడలు మాత్రం ఆగలేదు. ఎరువు తెస్తున్న వాళ్ల ఓడలో సామల్పట్టి ఊరి మురుగన్ గుండె ఆగి చనిపోయాడు. ఆయన ముత్తప్ప చేతికింద ఖలాసీ, పన్నెండేళ్ల స్నేహితుడు. రోగభయంతో ఏ రేవూ శవాన్ని దించనివ్వలేదు. ఐదు రోజులు చూశాక, సముద్రంలోనే వదలాలన్నారు.

ముత్తప్ప తన చేతులతోనే శవాన్ని క్యాన్వాసు గుడ్డలో చుట్టి కుట్టాడు. కాళ్ల దగ్గర ఇనుము కట్టాడు. తర్వాత కెప్టెన్ ముందు చేతులు జోడించాడు.

"సార్, మా పక్క పూడ్చేటప్పుడు తల దక్షిణానికి పెడతారు."

"ఇది నేల కాదు కదా సరంగ్."

"నేల కాదు సార్. మనిషి మనిషే కదా."

కెప్టెన్ అంత పెద్ద ఓడను తూర్పుకు తిప్పించి ఇంజను ఆపించాడు. ఎడమ పక్క ఉత్తరానికి వచ్చింది. ఆ పక్క బల్ల మీద, కాళ్లు సముద్రం వైపు, తల దక్షిణానికి ఉంచి మెల్లగా వదిలారు. అందరూ హెల్మెట్లు తీశారు. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకున్నారు.

ఊరు చేరగానే ముత్తప్ప సామల్పట్టికి పోయి మురుగన్ భార్య సుగంధికి ఇదంతా చెప్పాడు. "శవమే రాలేదంట. యాడో ఇంకో సంసారం పెట్టుకోనుంటాడు" అని వీధిలో అంటుంటే ఆమె అప్పటిదాకా వింటూ, లోపల బతికే ఉన్నాడేమోనని కాస్త ఆశ కూడా పెట్టుకుని ఉంది. తల దక్షిణానికి పెట్టారన్న మాట విన్నాకే నమ్మి ఏడ్చింది.

ఈ ఏడు ఏప్రిల్ ఐదున, జాతీయ నౌకాయాన దినమని, మా బడి హెడ్మాస్టరు వెంకటేశులు ముత్తప్పను పిలిచి చొక్కాకు చిన్న జెండా గుచ్చాడు. తనకు కప్పిన శాలువాను ముత్తప్ప తీసి, మురుగన్ పేరు చెప్పి, తాను రమ్మన్నందుకు వచ్చి కూర్చున్న సుగంధి చేతిలో పెట్టాడు. పిల్లలు ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు.

బయటికి వచ్చాక ఆమె అంది: "పిల్లోళ్లు లేసి నిలబడిరి, నాకు చాలన్నా. అయితే ఆయన పోయిన మూడోనాడు పొయ్యాల్సిన పాలు ఇంకా పొయ్యలేదు. సమాధి ఉంటే గదా! ఒకసారి చెంబు తీసుకోని కృష్ణగిరి డ్యాము కాడికి పోయినాను. ఆయన ఉండేది ఈ నీళ్లల్లో కాదే అని తిరిగొచ్చేసినాను. నేను కండ్లు మూసేలోపల యాడన్నా పోస్తానా అన్నా?"

ముత్తప్ప ఆ సాయంత్రం నేరుగా అన్న తిమ్మరాయప్ప దగ్గరికి పోయాడు. తాతల కాలం నుంచి వాళ్లింటివాళ్లను పూడ్చే పొలం మూల అన్న చేతిలోనే ఉంది. అన్న పశువులకు గడ్డి వేస్తున్నాడు.

"ఏమప్పా సరంగూ! జెండా గుచ్చుకోని, నాతో సలాం కొట్టించుకునేదానికి వచ్చినావా?"

"అడుక్కునేదానికి వచ్చినానన్నా. మనోళ్ల మూలలో నాకని ఒక జాగా పెట్టినావు గదా."

"దానికిప్పుడేం తొందర? మూడు ముద్దలు తింటా ఉండావు!"

"నాకు గాదన్నా. ఆ జాగా మురుగన్‌కి ఇయ్యి. మనిషి లేడు, ఒక రాయి నిలబెడతాను. కులం వేరని అనొద్దు. సుగంధమ్మ పాలు తీసుకోని వస్తే, మన చెల్లెలు వచ్చిందనుకోని దావ వదులన్నా."